ఉత్తరుడు ఎక్కిన జమ్మి చెట్టు

ఈ వారం వీడియోలో కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయ స్వామి గుడి గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక సంగతి అందులో వదిలేశాం. అది కాస్త నిదానంగా ఆలోచించాల్సిన సంగతి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రింగ్ రోడ్డు దాటి చంపాపేట వైపు వెళ్తుంటే కర్మన్‌ఘాట్ వస్తుంది. మంగళవారం సాయంత్రం ఆ రోడ్డు మీద బండి నడిపినవాళ్లకి ట్రాఫిక్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆ పేరు వెనక స్థలపురాణం ఇది. కాకతీయ రాజు ఒకాయన అడవిలో వేటకొచ్చి అలిసి కూర్చుంటే ఒకపక్క పులి గాండ్రింపు, ఇంకోపక్క రామనామం వినిపించాయి. వెతికితే పొదల్లో కూర్చున్న ఆంజనేయుడి విగ్రహం. అక్కడే గుడి కట్టించాడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఔరంగజేబు సైన్యం దాన్ని కూల్చడానికి వచ్చి ప్రాకారం దగ్గరికి కూడా రాలేకపోయిందట. అప్పుడు గడ్డపార పట్టుకొని తనే వచ్చాడట. లోపలి నుంచి ఉరుములాంటి చప్పుడు వచ్చి, చేతిలోంచి గడ్డపార జారిపోయింది. ఆపైన ఒక గొంతు వినిపించింది. గుడి కూల్చాలనుకుంటే, రాజా, ముందు మనసు గట్టి చేసుకో అని. ఆ మాట ఆయన భాషలో 'కర్ మన్ ఘట్'. అదే కర్మన్‌ఘాట్ అయిందంటారు.

ఇది స్థలపురాణం, శాసనం కాదు. దీన్ని చరిత్ర పాఠంలా పట్టుకొని ఎవరితోనో గొడవ పెట్టుకోవడానికి నేను రాయట్లేదు. నన్ను ఆపింది ఆ వాక్యం. గుడి కూల్చడానికి వచ్చినవాడితో స్వామి "నువ్వు పాపివి" అనలేదు, "పారిపో" అనలేదు. "గుండె దిటవు చేసుకో" అన్నాడు. అంటే అక్కడ వణికింది ఎవరు? ఇంత సైన్యం, ఇంత అధికారం ఉన్నవాడు. ఆ వణుకు ఆ కథలో చెడ్డది కాదు, బహుశా ఆ రోజు అతనిలో మిగిలిన మంచి ముక్క అదొక్కటే. చేయబోయేది తప్పయినప్పుడు చెయ్యి వణకడం మంచి లక్షణం. లంచం మొదటిసారి తీసుకునేవాడికి చెయ్యి వణుకుతుంది, పదోసారి వణకదు. పదోసారి వాడికి ధైర్యం వచ్చిందని మనం సంతోషపడతామా?

కాబట్టి వణుకుని బట్టి మనిషిని తేల్చెయ్యలేం. మరి పిరికితనం అంటే ఏంటి?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ప్రశ్నకి రెడీమేడ్ జవాబు దొరుకుతుంది. మెట్రో పిల్లర్ల మీద, హాస్టల్ గోడల మీద, కరపత్రాల్లో ఉంటుంది. 45 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్, స్టేజ్ ఫియర్ పోగొట్టబడును. మా నల్లగొండ జిల్లా వైపు నుంచి బస్సెక్కి ఎల్‌బీనగర్‌లో దిగే ప్రతి పిల్లాడి చేతిలో ఆ కరపత్రం పెడతారు, నా చేతిలోనూ పెట్టారు. ఆ కోర్సుల్ని నేను ఎగతాళి చేయట్లేదు, పనికొచ్చినవాళ్లున్నారు. కానీ అక్కడ జరిగేదేంటంటే, తెలుగులో విడివిడిగా ఉన్న ఎన్నో మాటలు కలిసిపోయి 'కాన్ఫిడెన్స్ లేదు' అనే ఒక్క రోగం అయిపోతాయి. కొత్తవాళ్ల ముందు మాట రాకపోతే అది బిడియం. పెళ్లి భోజనంలో మూడోసారి పులిహోర వేస్తుంటే వద్దనలేకపోతే మొహమాటం. ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర కాళ్లు ఆగితే జంకు. ఏది చేయాలో తేల్చుకోలేకపోతే సంకోచం. వీటిలో ఏ ఒక్కటీ తిట్టు కాదు. పెద్దవాళ్లు "వాడికి కొంచెం బిడియం ఎక్కువ" అని ముద్దుగా కూడా అంటారు. 'పిరికివాడు' అని మాత్రం ముద్దుగా ఎవరూ అనరు. ఎందుకు? ఆ ఒక్క మాటలోనే నిందెందుకు ఉంది?

దీనికి మన దగ్గర ఒక పాత కేసు ఉంది. ఉత్తర కుమారుడు.

తెలుగులో ఉత్తర కుమార ప్రగల్భాలు అన్నది తిట్టుగానే స్థిరపడిపోయింది. రాజకీయ నాయకులు ఒకరినొకరు అలాగే తిట్టుకుంటారు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆ పాత్ర రేలంగి వేశారు, మన తాతల తరం ఇప్పటికీ ఉత్తరుడంటే ఆయన్నే తలుచుకొని నవ్వుతుంది. తిక్కన గారు భారతాన్ని తెలుగు చేయడం విరాటపర్వంతోనే మొదలుపెట్టారు, వానలు పడకపోతే ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం కూడా ఉంది. అంటే ఈ కుర్రాడు మన తెలుగువాళ్లకి బాగా దగ్గరివాడు. దగ్గరివాడే, కానీ సగమే తెలిసినవాడు.

తెలిసిన సగం ఇదీ. సుశర్మ ఒకవైపు ఆవుల్ని తోలుకుపోతుంటే విరాటరాజు సైన్యమంతా తీసుకొని అటు వెళ్లాడు. ఇటు ఉత్తర దిక్కున కౌరవులే దిగారు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ, దుర్యోధనుడు. గోపాలకుడు పరుగెత్తుకొచ్చి చెప్తే ఊళ్లో ఉన్నది ఈ రాజకుమారుడొక్కడే. అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య కూర్చొని, సరైన సారథి దొరికితే ఒక్కణ్ణే అందర్నీ ఓడించేవాణ్ణి అన్నాడు. సారథిగా బృహన్నల దొరికాడు. చెల్లెలు బొమ్మలకి రంగురంగుల బట్టలు తెమ్మని అడిగింది. రథం బయల్దేరింది. అక్కడికెళ్లి ఆ సైన్యాన్ని చూడగానే అబ్బాయికి ఒళ్లు జలదరించింది. రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల జడ, బట్టలు ఎగురుతుంటే వెంటబడి జుట్టు పట్టుకున్నాడు. వదిలేస్తే బంగారం ఇస్తాను, మణులిస్తాను, ఏనుగులిస్తాను అని ఉత్తరుడు బతిమాలాడు. దూరం నుంచి కౌరవ సైనికులు ఇది చూసి నవ్వుకున్నారు. మనం ఇప్పటికీ నవ్వుతున్నాం.

ఇక్కడ అర్జునుడు ఏం చేశాడో చూడండి. మోటివేషనల్ స్పీచ్ ఇవ్వలేదు. "నీలో సింహం ఉంది" అనలేదు. నీకు యుద్ధం చేయడం చేతకాకపోతే పగ్గాలు పట్టుకో, యుద్ధం నేను చేస్తా అన్నాడు. సీట్లు మార్చాడు, అంతే. ఆ పిల్లాడు చేయగలిగినంత పని వాడి చేతిలో పెట్టాడు. కానీ రథం మీంచి మాత్రం దిగనివ్వలేదు.

తర్వాత మొదటి పని జమ్మి చెట్టు ఎక్కడం. పాండవులు ఆయుధాల్ని మూటగట్టి శ్మశానం పక్కన జమ్మి చెట్టు మీద దాచారు. జనం దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. ఆ చెట్టు ఎక్కమన్నది ఎవర్ని? ఐదు నిమిషాల క్రితం ప్రాణభయంతో పరుగెత్తినవాణ్ణి. రాజకుమారుణ్ణి, శవాన్ని ఎలా తాకుతాను అన్నాడు. అవి శవాలు కావు, విల్లులు అని అర్జునుడు చెప్పాడు. ఎక్కాడు. మూట విప్పితే లోపల మెరుస్తున్నవి పాముల్లా కనబడి మళ్లీ ఒళ్లు ఝల్లుమంది. అయినా దించాడు.

మనం దసరా రోజు జమ్మి పూజ చేసి, ఆకు బంగారమని చేతుల్లో పెట్టుకుంటాం. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా జమ్మే. అలయ్‌ బలయ్‌ తీసుకునేటప్పుడు అర్జునుణ్ణి తలుచుకుంటాం, గాండీవాన్ని తలుచుకుంటాం. గాండీవాన్ని కిందికి దించింది ఎవరో ఎవరికీ గుర్తుండదు. వణుకుతూ ఎక్కినవాడు దించాడు.

యుద్ధం మధ్యలో కూడా అతనికి కళ్లు తిరిగాయి, ఇక గుర్రాల్ని పట్టలేనన్నాడు. అర్జునుడు మళ్లీ నచ్చజెప్పాడు. భయం పోయి వీరుడైపోయాడని వ్యాసుడు రాయలేదు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది.

ఇక తెలియని సగం. గెలిచాక అర్జునుడు, ఊళ్లో నేనే గెలిచానని చెప్పు, నా సంగతి బయటపెట్టొద్దు అన్నాడు. దూతలు ముందే వెళ్లి ఉత్తరుడు గెలిచాడని చాటారు. ఊరంతా అలంకరించారు. విరాటుడు కొడుకుని పొగిడి పొగిడి, బృహన్నల తోడుంటే గెలవక ఏం అన్నందుకు కంకుభట్టు మొహం మీద పాచికలు విసిరి కొట్టాడు. ముక్కు నుంచి రక్తం కారింది. ఆ సమయంలో ఉత్తరుడు సభలోకి వచ్చాడు. తండ్రి అడిగాడు, అంతమంది మహారథుల్ని ఎలా గెలిచావు నాయనా అని.

ఒక్కసారి అక్కడ ఆగండి. పేరు మోగిపోయింది. ఊరు నమ్మేసింది. నిజం తెలిసినవాడే చెప్పొద్దన్నాడు. పైగా అంతఃపురంలో ఆ ప్రగల్భాలు పలికింది ఇతనే, ఇప్పుడు తలూపితే ఆ మాటలన్నీ నిజమైపోతాయి. ఉత్తరుడు ఏమన్నాడంటే, ఆవుల్ని నేను గెలవలేదు, శత్రువుల్ని నేను ఓడించలేదు, ఒక దేవపుత్రుడు చేశాడు, భయపడి పారిపోతున్న నన్ను ఆపింది కూడా అతనే. నిండు సభలో, తండ్రి ముందు. పారిపోయాననే సంగతి అతను చెప్పకపోతే ఎవరూ అడిగేవాళ్లు కూడా కాదు. అర్జునుడి రహస్యం కాపాడాడు, తన రహస్యం కాపాడుకోలేదు. కంకుభట్టుని క్షమించమని అడుగు అని తండ్రికి చెప్పింది కూడా అతనే.

మరి ఇతను పిరికివాడా? పొద్దున పిరికివాడే, అందులో అనుమానం లేదు. రథం దిగి పరుగెత్తినప్పుడు అతని భయానికి ధర కట్టాల్సింది ఎవరు? ఆవులు, గోపాలకులు, కాపలా లేని ఊరు. సాయంత్రం సభలో తన భయానికి తనే ధర కట్టాడు. పొద్దున, సాయంత్రం రెండుసార్లూ భయం ఉంది. బిల్లు మాత్రం పొద్దున ఊరి పేరు మీద వచ్చింది, సాయంత్రం తన పేరు మీద.

నాకు తేలిందేంటంటే, పిరికితనంలో ఉన్న నింద అక్కడుంది. భయం నాది, బిల్లు ఇంకొకరిది. బిడియంలో, జంకులో నష్టపోయేది చాలావరకు మనమే, అందుకే అవి తిట్లు కావు.

దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి ఈ మాట ఇంకో వైపు నుంచి తెలుసు. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్లకి కట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది పోయారు. 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఇలాంటి ప్రతి సంఘటన తర్వాత టీవీలో ఒకే మాట వినిపిస్తుంది: పిరికిపందల చర్య. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. బాంబు మోసుకొచ్చినవాడికి ప్రాణభయం లేనట్టే కదా, పట్టుబడతాననే భయం లేనట్టే కదా, మరి పిరికివాడెలా అవుతాడు? ఇప్పుడు అర్థమవుతోంది. తన కోపానికో, తన సిద్ధాంతానికో బస్సు కోసం నిలబడ్డ మనిషి చేత ధర కట్టించాడు, ఆ మొహం చూడకుండా వెళ్లిపోయాడు. ఒళ్లు వణక్కుండా కూడా పిరికివాడు కావచ్చు.

అప్పుడు మా పెద్దన్న అక్కడే హాస్టల్‌లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుకునేవాడు. మా అమ్మ ఆ రాత్రంతా ఫోన్ పట్టుకొని కూర్చుంది. వెంటనే ఇంటికొచ్చెయ్ అంది. రాలేదు. కొన్ని రోజులకి ఇంటికొస్తే నేను అడిగాను, మళ్లీ ఆ బస్టాపుకే పోతున్నావా, భయం కాట్లేదా అని. "అయితది. కానీ 107 బస్సు ఆడనే ఆగుతది గదరా" అన్నాడు. ఆ ఏరియా ఆ వారమంతా అలాగే నడిచింది. మిర్చి బండ్లు, పుస్తకాల షాపులు, కోచింగ్ పిల్లలు. దాన్ని ధైర్యం అనాలా, బతుకుతెరువు అనాలా అని నేను చాలాసార్లు అనుకున్నా. తేడా పెద్దగా లేదేమో.

ఎల్‌బీనగర్ పేరు సంగతి కూడా చెప్పాలి, మనం ఎల్‌బీ అని కుదించేసి మర్చిపోయాం. లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు అది. బహదూర్ అంటే వీరుడు. ఐదడుగుల చిల్లర ఎత్తు, మెత్తటి మాట. ఇలాంటాయన దేశాన్ని ఏం నడుపుతాడని అన్నవాళ్లున్నారు, 1965 సెప్టెంబర్‌లో సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటింది ఆయన నిర్ణయంతోనే. కానీ నాకు పెద్దగా అనిపించేది అంతకుముందు సంగతి. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదం జరిగింది, వంద మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడు అరియలూర్ దగ్గర మళ్లీ ప్రమాదం. ఈసారి రాజీనామా ఆమోదింపజేసుకున్నారు. ఆ వంతెన ఆయన కట్టలేదు, ఆ రైలు ఆయన నడపలేదు. బిల్లు మాత్రం నా పేరు మీద రాయండి అన్నారు.

ఇప్పుడు కష్టమైన భాగం. కురుక్షేత్రం. మీరెప్పుడైనా గమనించారో లేదో, గీత మొదలయ్యే దృశ్యం విరాటపర్వంలో ఒకసారి జరిగిపోయింది. రెండు చోట్లా ఎదురుగా అదే భీష్ముడు, అదే ద్రోణుడు. రెండు చోట్లా రథం ఆగింది, యోధుడు చతికిలబడ్డాడు, సారథి మాట్లాడాడు. విరాటనగరం బయట సారథి అర్జునుడు. ఇక్కడ కూలబడ్డది అర్జునుడు. నోరు ఎండిపోయింది, ఒళ్లు వణికింది, గాండీవం చేతిలోంచి జారింది. జమ్మి చెట్టు మీంచి ఉత్తరుడు దించిన గాండీవమే. ఒంటి లక్షణాలు చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

కారణంలో ఉంది తేడా. ఉత్తరుడు తన ప్రాణం కోసం భయపడ్డాడు, అలాగే చెప్పుకున్నాడు. అర్జునుడు ప్రాణం కోసం భయపడలేదు. తాతని, గురువుని చంపలేనన్నాడు, కులధర్మం అన్నాడు, పాపం అన్నాడు, బిచ్చమెత్తుకొని బతుకుతానన్నాడు. వింటే ఎంత గొప్పగా ఉంది! అయినా కృష్ణుడు మొట్టమొదట వాడిన మాటలు క్లైబ్యం, హృదయ దౌర్బల్యం. కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా అని కాలేజీ రోజుల్లో నాకు కోపం కూడా వచ్చేది. ఉత్తరుణ్ణి అర్జునుడు ఓదార్చాడు, అర్జునుణ్ణి కృష్ణుడు గట్టిగా కసిరాడు. ఎందుకంటే ఉత్తరుడు భయాన్ని భయం అన్నాడు. అర్జునుడు దానికి ధర్మం అని పేరు పెట్టాడు. అతన్ని నమ్మి ఏడు అక్షౌహిణుల సైన్యం వచ్చి నిలబడి ఉంది, సభలో అవమానం పడ్డ ద్రౌపది ఉంది. రథం దిగిపోతే ఆ బిల్లంతా వాళ్లదే. అర్జునుడికి కరుణ లేదని కాదు, నిజంగానే ఉంది. అందుకే గుర్తుపట్టడం కష్టం. కాసేపటికి అర్జునుడే తనకి పట్టింది కార్పణ్యం అని పేరు పెట్టి, ఏం చేయాలో చెప్పమని అడిగాడు. గీత అక్కడి నుంచి నడిచింది.

భక్తిలో ఉన్న మనలాంటివాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మన దగ్గర మంచి మంచి మాటలున్నాయి. పక్కవాడికి అన్యాయం జరుగుతుంటే "వాడి కర్మ". ఆఫీసులో తప్పు లెక్క క్లయింటుకి పోతోందని తెలిసీ నోరు మూసుకుంటే "నిష్కామ కర్మ, మన పని మనం చేద్దాం". మెట్రోలో ఒక ఆడపిల్లని ఎవడో ఇబ్బంది పెడుతుంటే ఫోన్‌లో చాలీసా పెట్టుకొని కిటికీలోంచి చూడటం. శాంతం, వైరాగ్యం, శరణాగతి, ఇవన్నీ నిజమైన మాటలే. కానీ ఆ మాట వాడినప్పుడు బిల్లు ఎవరి పేరు మీద వెళ్తుందో ఒకసారి చూసుకోవాలి.

మా రూమ్మేట్ సంగతి చెప్తా. అతను చదివి సరే అన్నాకే రాస్తున్నాను. చైతన్యపురిలో ఒకే గదిలో ఉండేవాళ్లం. కంపెనీ అతన్ని తీసేసింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకొని బయల్దేరేవాడు, సరూర్‌నగర్ ప్రియదర్శిని పార్కులో కూర్చొని సాయంత్రం వచ్చేవాడు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు కోసం నెలనెలా ఇంటికి పంపే డబ్బు ఆగకూడదని లోన్ యాప్‌లలో తీసుకున్నాడు. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్. చివరికి రికవరీ వాళ్లు అతని ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు మొదలుపెట్టారు, నాకూ ఒకటి వచ్చింది. అట్లా తెలిసింది. (ఇలాంటి బెదిరింపు ఫోన్లు వస్తే 1930కి చెప్పండి. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు.)

ఆ రాత్రి డాబా మీద కూర్చున్నాం. ఎందుకు చెప్పలేదు అంటే, "నాయిన గుండె ఆగిపోతది, చిన్నప్పటి సంది ఆయన ముంగట నిలబడి మాట్లాడినోన్ని కాదు" అన్నాడు. తండ్రి మీద ప్రేమ వల్లే దాచాడు, అది అబద్ధం కాదు. కానీ తెల్లారితే ఆ రికవరీ ఫోన్ తండ్రికే వెళ్తుంది. కొడుకు నోటితో వినాల్సింది ఎవడో బూతులు తిడుతూ చెప్తాడు. "నువ్వు చెప్పరా మా నాయినకి, నీ మాట వింటడు" అన్నాడు. నేను చెప్పనన్నా. నంబర్ నేను కలుపుతా, పక్కన కూర్చుంటా, మాట్లాడాల్సింది నువ్వే అన్నా. జమ్మి చెట్టు అప్పుడు గుర్తొచ్చిందని అంటే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది, గుర్తు రాలేదు. అప్పటికి తోచింది అంతే.

స్పీకర్ ఆన్ చేశాడు. మూడు ముక్కల్లో చెప్పేశాడు. అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఎప్పటి సంది?" "నాలుగు నెలల సంది, నాయినా." మళ్లీ ఏమీ లేదు. "మరి ఏం తింటున్నవ్ రా?" అన్నాడాయన. మా వాడు అప్పుడు ఏడ్చాడు.

సినిమాలోలా అన్నీ సర్దుకోలేదు. ఆ అప్పులు తీరడానికి ఏడాది దాటింది, దొరికిన ఉద్యోగం ముందుదానికంటే తక్కువ జీతం. ఆ పెద్దాయన కూడా తర్వాత ఒకరోజు అందరి ముందు గట్టిగానే తిట్టాడు.

ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని దాటేస్తే పైన రాసిందంతా అన్యాయం అయిపోతుంది. ఇరవై ఆరేళ్ల మనిషి సొంత తండ్రితో మాట్లాడటానికి అంత వణికాడంటే, ఆ వణుకు ఎక్కడ తయారైంది? మన తెలుగులో పిరికిమందు పోయడం అనే మాట ఉంది. మందు తనంతట తను గొంతులోకి పోదు, ఎవరో పోయాలి. క్లాసులో ప్రశ్న అడిగినందుకు లేపి నిలబెట్టిన లెక్చరర్, తప్పు చెప్పినవాణ్ణే కాల్‌లో అందరి ముందు కడిగేసే మేనేజర్, మార్కుల కాగితం చూడకముందే బెల్టు తీసే తండ్రి. వీళ్లే తర్వాత "ఈ జనరేషన్‌కి ధైర్యం లేదు" అంటారు. రాత్రి పదకొండింటికి బస్టాపులో ఒంటరిగా నిలబడి, ఎవడో ఏదో అంటే విననట్టు తల తిప్పుకున్న అమ్మాయిని పిరికిది అనే హక్కు ఎవరికుంది? అక్కడ బిల్లు ఆమే కడుతోంది.

భగవద్గీత 16వ అధ్యాయంలో దైవీ సంపద అని గుణాల వరస ఉంటుంది. మొదటిది అభయం. సత్యం, అహింస కూడా దాని తర్వాతే వస్తాయి. చాలాకాలం అభయం అంటే నాకు భయం లేకపోవడం అనే అనుకున్నా. గుడిలో స్వామి అభయహస్తం చూడండి. ఆ చెయ్యి ఆయనకి భయం లేదని చూపించడానికి ఎత్తింది కాదు, ఎదురుగా నిలబడ్డవాడికి ఇవ్వడానికి ఎత్తింది. 12వ అధ్యాయంలో భక్తుడి గురించి చెప్తూ కృష్ణుడు, అతని వల్ల లోకం కలత పడదు, లోకం వల్ల అతను కలత పడడు అన్నాడు. ఏది ముందు చెప్పాడో చూడండి.

కిష్కింధకాండలో సముద్రం ఒడ్డున సరిగ్గా ఇలాంటి వాతావరణం ఉంటుంది. నూరు యోజనాలు దూకాలి. ఒక్కొక్కరూ లేచి తన లెక్క చెప్తారు. గజుడు పది అన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పెరుగుతూ జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు పోగలను, తిరిగి రావడం అనుమానం అన్నాడు. మా స్ప్రింట్ ప్లానింగ్ మీటింగ్‌లో ఇంత నిజాయితీగా ఎస్టిమేట్లు ఇచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు. పది అన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. పక్కన మాట్లాడకుండా కూర్చున్న హనుమంతుణ్ణి కూడా ఎవరూ పిరికివాడనలేదు. జాంబవంతుడు దగ్గరికెళ్లి అతని పుట్టుక, అతని బలం గుర్తుచేశాడు, అంతే. కర్మన్‌ఘాట్‌లో స్వామి గద ఎత్తి లేడు, ధ్యానంలో కూర్చొని ఉన్నాడు. నాకు ఆ విగ్రహం చూస్తే ఆ సముద్రపు ఒడ్డే గుర్తొస్తుంది.

ఉత్తరుడి కథ విరాటపర్వంలో అయిపోలేదు. భీష్మపర్వం, కురుక్షేత్రం మొదటి రోజు. ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లాడు. మద్రదేశపు రాజు, తనకంటే ఎన్నో రెట్లు పెద్ద యోధుడు. ఈసారి పక్కన బృహన్నల లేడు. ఉత్తరుడి ఏనుగు శల్యుడి నాలుగు గుర్రాల్నీ తొక్కి చంపింది. శల్యుడు విసిరిన శక్తి కవచాన్ని చీల్చుకొని దిగింది. చేతిలోంచి అంకుశం జారి, ఉత్తరుడు ఏనుగు మీంచి కిందపడి చనిపోయాడు. పాండవుల వైపు మొదటి రోజే పడిపోయిన పెద్ద వీరుల్లో అతనొకడు. మన సామెతకి ఈ సంగతి ఇంకా చేరలేదు.

వచ్చే వారం వీడియోలో ఋష్యమూకం మీద దాక్కున్న సుగ్రీవుడి గురించి మాట్లాడుకుందాం. వీలైతే కిష్కింధకాండ మొదటి సర్గలు చదువుకొని రండి.